రాతి పడకలు

ఇంగ్లండు దేశపు వాయవ్యతీరమున, లాంకషైర్ ప్రాంతములో, మోర్కమ్ అఖాతము ఐరిష్ సముద్రమును కలియుచోట, హీషమ్ అను చిన్న పల్లె యొకటి కలదు. ఆ పల్లెకు పైన, నీటిమీదికి మెడ చాచిన రాతిగుట్ట అంచున, బండను తొలిచి మనిషి కొలతకు చేసిన ఆఱు పడకలు ప్రక్కప్రక్కనే వరుసగా నున్నవి. కొన్ని పెట్టెవలె తిన్ననివి. కొన్నింటికి తల ఆనుటకు గుండ్రని గుంట, భుజములవద్ద వెడల్పు, పాదములవైపు సన్నదనము అమర్చి, పడుకొనువాని రూపమునే ఉలితో గీచిరి. అన్నియు ఒకే కొలతవి కావు. తలాపున శిలువ నిలుపుటకు తొలిచిన చిన్న గుంటలున్నవి. శిలువలు కొయ్యవి గాబోలు, ఎన్నడో చివికిపోయినవి. పైన మూతలు లేవు; లోన పడుకొన్నవారును లేరు. ఇప్పుడా పడకలలో వాననీరు పడుకొన్నది.

మా అమ్మాయి ఆ చేరువనే లాంకాస్టర్ పట్టణములో ఉద్యోగము చేయుచుండుటచేత, కొన్ని వారములు ఆమె యింట గడపుటకు పోయిన నేను, ఒకనాటి ఉదయము వాన వెలిసిన వెంటనే ఆ గుట్ట యెక్కితిని. పసుపును బూడిదయు కలిసినట్టి రంగుగల ఇసుకరాయి తడిసి మెఱయుచుండెను. తల వైపున గుండ్రముగా తొలిచిన ఒక పడకలో నీరు కదలక నిలిచి, ఆకాశపు ముక్క నొకదానిని ముఖముండవలసినచోట పెట్టుకొని యుండెను. వంగి నీటిలో వ్రేళ్లు ముంచితిని. ముంచిన చేయి, గుడిలో తీర్థము పుచ్చుకొన్న చేయివలె, నే ననుకొనకయే కన్నులకును నెత్తికిని పోయినది. పోయిన పిదప గాని నాకు తెలియలేదు, నేను అద్దుకొన్నది శవమును పరుండబెట్టిన తొట్టిలోని నీరని.

శ్మశానమునకు పోయివచ్చినవాడు గుమ్మము దాటకముందే తలమునుగ స్నానము చేయవలెనను యింట పుట్టినవాడను. మైల యనగా నేమో పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడను కాను, ఒడలితో నేర్చినవాడను. అట్టివాని చేయి అట్లేల చేసినది? నేను వ్రాయబోవున దంతయు ఆ చేతినిగూర్చియే.

పడకలకు కొన్ని యడుగుల దూరమున గుడి యున్నది. ఉన్నదనుటకంటె, దాని దక్షిణపు గోడయు, తూర్పు కొసను కొంత గోడయు మిగిలియున్నవనుట సరి. పాతికడుగులకు కొంచెము అటునిటు పొడవు, అందులో మూడవ వంతు వెడల్పు; మన పల్లెలలోని రామమందిరమంత కూడ నుండదు. దక్షిణపు గోడలో ఒక ద్వారము, దానిపై అర్ధవృత్తముగా వంచిన తోరణము, ఆ తోరణపు రాతిమీద ఒకదానిలోపల నొకటిగా గీచిన గీతలు. పన్నెండు వందల యేండ్ల సముద్రపు గాలి తాకియు ఆ గీతలింకను వ్రేలికి తగులుచున్నవి. స్థానికులు దీనిని పాట్రిక్ భక్తుని మందిరమందురు. ఐదవ శతాబ్దిలో ఐర్లండునకు క్రీస్తు మతమును తీసికొనిపోయిన ఆ పాట్రిక్, ఓడ పగిలి ఈ గుట్టకు కొట్టుకొనివచ్చి, ప్రాణము దక్కినందుకు కృతజ్ఞతగా ఈ గుడి కట్టెనని కథ. పాట్రిక్ తన వృత్తాంతమును తానే లాటిన్ భాషలో చెప్పుకొన్నాడు: పదునాఱేండ్ల ప్రాయము నిండకముందే దోపిడిగాండ్రు తన్ను ఐర్లండునకు చెరపట్టుకొనిపోయిరనియు, ఆఱేండ్లు పసులు కాచితిననియు, పాఱిపోయి ఓడ యెక్కితిననియు చెప్పెను గాని, హీషమ్ పేరు అందెచ్చటను లేదు. గోడలను చూచినవారు ఈ గుడి ఎనిమిదవ తొమ్మిదవ శతాబ్దులనాటిదందురు. అనగా పాట్రిక్ గతించిన మూడు వందల యేండ్లకు, ఇచ్చటి జనము తమ గుట్టకొక మహాపురుషుని పాదస్పర్శ నిచ్చుకొన్నారన్నమాట. మన కొండలలో రాముడు విశ్రమింపని కొండ యేది, సీతమ్మ స్నానమాడని మడుగేది? ఆ మాటను అసత్యమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

నన్ను కదలించినది పాట్రిక్ కథ కాదు. 1977, 78 సంవత్సరములలో పురావస్తు పరిశోధకులు ఈ గుడి చుట్టు త్రవ్విరి. ఇచ్చట అంతకుముందే మఱియొక చిన్న మందిరముండెననియు, తరువాత పెంచి కట్టిరనియు తేలినది. దాని చుట్టునున్న సన్నని మట్టిపొరలో సుమారు 80 మంది యెముకలు బయటపడినవి. రాతిని తొలిపించుకొనుటకు స్తోమతు గలవారు రాతిలో పడుకొనిరి. లేనివారు, మట్టి యెంత దొరకిన నంతలో, గోడ కెంత దగ్గఱగా ఒదుగగలిగిన నంత దగ్గఱగా ఒదిగిరి. అందులో ఒక స్త్రీ. వస్త్రము చుట్టి పడుకొనబెట్టిన ఆమెతోడ ఎముకతో చేసిన ఒక దువ్వెన దొరకినది. పదవ శతాబ్దిలో ఆ తీరమున స్థిరపడిన ఉత్తరదేశపు నావికుల పనితనపు పోలిక దాని కున్నదని చెప్పిరి. పోవుచున్న ఆడుదానికి తల దువ్వి, ఆ దువ్వెనను వెంట నిచ్చి పంపినవా రెవరో! మా అమ్మమ్మను పాడెమీద పెట్టకముందు మా పిన్ని తల దువ్వి ముడి వేసినప్పుడు, పండ్లలో రెండు మూడు తెల్లవెండ్రుకలు చిక్కుకొన్న ఆ చెక్క దువ్వెనను ఏమి చేయవలెనో తెలియక చేతిలోనే పట్టుకొని నిలుచుండుట నేను చూచితిని. నాకప్పుడు ఎనిమిదేండ్లు.

అమ్మమ్మ సంగతి చెప్పినప్పుడు తాతయ్య సంగతి చెప్పక తీఱదు. మా మాతామహుడు కోనసీమలో ఒక చిన్న విష్ణ్వాలయమునకు అర్చకుడు. నలువది యేండ్లు తెల్లవాఱుజామున లేచి, కాలువలో మునిగి, తడిబట్టతో బిందె మోసికొనిపోయి స్వామిని మేల్కొల్పినవాడు. అమ్మమ్మ పోయిన గడియ మొదలు ఆ గుడి తలుపు ఆయనకు మూసికొనిపోయినది. ఊరిలో శవము లేచువఱకు ఎవరికొఱకును ఆ తలుపు తెఱవరు; అది అందఱికిని గల నియమము. శవము లేచిన పిమ్మట ఊరికి తెఱచిరి, ఆయనకు తెఱవలేదు. జ్ఞాతులందఱికిని మైలయే గనుక పొరుగూరినుండి వేఱొక అర్చకుడు వచ్చి నైవేద్యము పెట్టి పోవుచుండెను. సాయంకాలము గంట మ్రోగువేళకు తాతయ్య వీధి మలుపువఱకు నడచిపోయి, ధ్వజస్తంభపు కొన కనబడుచోట నిలుచుండి, గంట ఆగువఱకు చూచి తిరిగి వచ్చుచుండెను. నలువది యేండ్లు సేవ చేసిన దేవుడు, మనిషికి మిక్కిలి అవసరమైన పది దినములు ముఖము చాటుచేసినాడని నా చిన్నమనసులో పడిన ముల్లు, పెద్దవాడనైన తరువాతను పూర్తిగా రాలేదు. మఱి యిచ్చట, ఈ గుట్టమీద, శవము గుడి గోడ నానుకొని పడుకొన్నది.

ఈ భేదము పైపై ఆచారములకు సంబంధించినది కాదని నా తలంపు. దేవునికిని మృత్యువునకును నడుమ గోడ యుండవలెనా, ఉన్నచో దాని నెవరు కట్టవలె నను ప్రశ్న అందులో ఇమిడియున్నది. ఆ గోడను కట్టినవారు మనమొక్కరమే కాము. క్రైస్తవమునకు కన్నతల్లి యైన యూదుల ధర్మమే దానిని గట్టిగా కట్టినది. శవమును ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడని సంఖ్యాకాండము. యాజకుడు దగ్గఱి రక్తబంధువులకొఱకు దప్ప మైలపడరాదని, ప్రధానయాజకుడైనచో కన్నతండ్రి శవమువద్దకైనను, కన్నతల్లి శవమువద్దకైనను పోరాదని లేవీయకాండము. ఆ వాక్యములను తొలిసారి చదివినప్పుడు నాకు వీధిమలుపున నిలుచున్న తాతయ్యయే కనబడెను. రోమనులును అంతే: నగరములోపల శవమును పూడ్చరాదు, కాల్చరాదు అని వారి పండ్రెండు ఫలకముల శాసనము. సమాధులన్నియు ఊరి వెలుపల, బాటల కిరుప్రక్కల నుండెను.

గోడను పడగొట్టినది క్రీస్తు చరితమే. నాయీను అను ఊరి ద్వారమున విధవరాలి కొడుకు నెత్తుకొనిపోవు పాడెను ఆయన చేతితో ముట్టెను. చనిపోయిన బాలిక చేయి పట్టుకొనెను. ఆ చేష్టలలోని అద్భుతమునే మనము చూతుము గాని, మైల నెఱిగిన ఆనాటివారు మొదట ఉలికిపడినది ఆ చేయి ముట్టరాని దానిని ముట్టినందుకై యుండును. తుదకు ఆ మతమునకు మూలకథయే ఒక సమాధి, అదియును బండలో తొలిచినది. దేవుడే మూడు దినములు శవమైనాడని నమ్మినవారికి ఇక శవము దేవునికి దూరమెట్లగును? కావుననే వారు తమ మృతులను బలిపీఠముల చెంతకు తెచ్చుకొనిరి; మృతవీరుల యెముకలపైననే మందిరములు కట్టిరి. 787లో నైసియా పట్టణమున కూడిన రెండవ మహాసభ, భక్తుల అస్థిశేషములు లేక ఏ మందిరమును ప్రతిష్ఠింపరాదని విధించునంతవఱకు అది పోయినది. హీషమ్ గుట్టమీద ఈ గోడలు లేచినదియు ఇంచుమించుగా ఆ కాలముననే.

పాత దేవతలను కొలుచువారికి ఇది ఎంతటి ఏవగింపు కలిగించినదో ఒక్క వృత్తాంతము చాలును. అంతియొకయ నగరము చేరువ దఫ్నె అను ఉపవనమున అపోలో దేవాలయ ముండెను. ఆ దేవుడు ప్రశ్న చెప్పువాడు. మూడవ శతాబ్దిలో మతముకొఱకు ప్రాణమిచ్చిన బాబిలాస్ అను బిషప్ అస్థులను క్రైస్తవులు ఆ వనముననే నిలిపిరి. 362లో జూలియన్ చక్రవర్తి వచ్చి ప్రశ్న యడుగగా అపోలో పలుకలేదు. చేరువ శవములుండుటయే కారణమని తేలెను. చక్రవర్తి అస్థులను తీసివేయుమనెను. క్రైస్తవులు, స్త్రీలును పిల్లలును తోడురాగా, కీర్తనలు పాడుచు ఆ పేటికను నగరమునకు మోసికొనిపోయిరి. జూలియన్‌ను మూర్ఖుడనుట తగదు; ఆయన బాధ నాకర్థమగును. తన దేవుడు వెలుగు, యౌవనము, సంగీతము. ఆ దేవుని నోట మాట రానీయక మట్టిలో ఒక ముసలివాని యెముకలు పడియున్నవి. అయినను ఆ వీధిలో నేనుండినచో ఎవరివెంట నడచియుందునని నన్ను నేనడిగికొన్నప్పుడు, పాడుచు పోవువారివెంటనే నా పాదములు కదలినవి.

అంతమాత్రముచేత మన ఆగమములను నిందించుటకు నాకు నోరు రాదు. గర్భగుడిలోని మూర్తి నిత్యకల్యాణమూర్తి. ఆయన కాకలి యున్నది, నిద్ర యున్నది, పెండ్లి యున్నది. చావు మాత్రము లేదు. ప్రాణమున్న రాజునకువలె ఆయనకు సేవ జరుగును. లోకములో ఒక్క చోటనైనను చావు అడుగు పెట్టరాదని, ఒక్క దీపము చుట్టునైనను దాని నీడ పడనీయరాదని మన పెద్దలు గిఱి గీచిరి. ఆ గిఱిలో అసహ్యముకంటె ఆశయే యెక్కువ యని యిప్పటికి నాకు తోచుచున్నది. ఆశౌచమనునది ఏడ్చుచున్నవానిని వెలివేయుటకంటె, కొన్నాళ్లు ఏ విధియు మీద పెట్టక ఏడ్వనిచ్చుటయని చెప్పిన పెద్దలను నేనెఱుగుదును. అదిగాక శివుడు శ్మశానవాసి. కాశిలో మణికర్ణిక చితిపొగ విశ్వేశ్వరుని శిఖరమును నిత్యము తాకుచునే యుండును. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనమునకు, కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మముగారి సమాధికి మ్రొక్కువారిలో ఎవరును ఇంటికి వచ్చి మైలస్నానము చేయరు. అయితే ఇచ్చటొక మెలిక యున్నది. సజీవముగా సమాధి చొచ్చిన మహాత్ములు మరణింపలేదని మన విశ్వాసము. అనగా చావును జయించినవారికే మనము తలుపు తెఱచితిమి. చావుచేత జయింపబడినవారు, అనగా మనమందఱము, మా అమ్మమ్మ వంటివారు, ఊరి చివఱనే. హీషమ్‌లో దువ్వెన పట్టుకొని పడుకొన్న ఆడుది ఏ మహాత్మురాలును కాదు.

క్రైస్తవులు తెఱచిన తలుపు తెఱచినట్లే యుండెనా యనిన, అదియును లేదు. తరువాతి శతాబ్దులలో ధనికులు మందిరముల లోపలి నేలలో, పేదలు వెలుపలి వానలో పడుకొనిరి. జ్ఞానస్నానము పొందకయే కన్నుమూసిన పసికందులకును, ఆత్మహత్య చేసికొన్నవారికిని పవిత్రభూమిలో చోటు లేదనిరి. మన దేశమున కొన్నిచోట్ల సమాధుల నడుమ కులపు గోడలును లేచినవి. గోడను ఒకచోట పడగొట్టిన చేయియే మఱియొకచోట కట్టుచుండును. అయినను నవంబరు 2వ తేదీన, మన పల్లెలలో సమాధుల పండుగనాటి సాయంకాలము, క్రైస్తవుల పేటలో తట్టలతో బంతిపూలు మోసికొనిపోయి, గడ్డి పీకి, సున్నము కొట్టిన దిబ్బలమీద కొవ్వొత్తులు వెలిగించి, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పోయినవారితో పండుగ చేసికొనుట చిన్నతనమున కాలువగట్టునుండి చూచినప్పుడు, ఆ దీపములలో ఒకటి మా యింటివారికికూడ నున్న బాగుండునని నేను కోరుకొంటిని. ఆ కోరిక నెవ్వరికిని చెప్పలేదు.

పోయినవారిని చెంత నుంచుకొను వాడుక ఒకప్పుడు మనకును ఉండెను. విశాఖపట్టణమునకు ఉత్తరమున, సముద్రము వంకకు తిరిగిన తొట్లకొండమీద, బండలో నీటితొట్లు తొలిచికొని బౌద్ధభిక్షువులు నివసించిరి. ఆ తొట్ల పేరే కొండ పేరైనది. హీషమ్‌లో వాననీరు నిండిన రాతిపడకలను చూచిన మఱుక్షణమున నా మనసు పోయినది అచ్చటికే. ఆ కొండమీదను, దాని ప్రక్కనున్న బావికొండమీదను, భిక్షువులు ప్రదక్షిణము చేసినది స్తూపములకు. స్తూపమనగా తత్త్వమున సమాధియే. కృష్ణాతీరపు భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన స్తూపపు గర్భమున రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణె దొరకినవి. పేటిక మీది బ్రాహ్మీలిపిలో, బుద్ధుని శరీరధాతువును నిలుపుటకు దీనిని చేయించినవారు కుర యనువాని తండ్రియు, తల్లియు, కురయు, శివ యనువాడును అని యున్నది. ఒక యింటివారందఱు కలిసి ఒక చనిపోయినవాని యెముకకు స్ఫటికపు గూడు కట్టించిరి. తెలుగునేలమీద మనకు దొరకిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో అది యొకటి. ఎముకను చూచి మైలయనక చేతులు జోడించిన మనుష్యులు ఈ నేలమీదనే నడచిరి. నా చేయి నీటిలో మునిగి కన్నుల కెగసినప్పుడు, ఏ పాతవాడుక అందులో మేల్కొన్నదో నేనెఱుగను.

గుట్టమీదనుండి చూచిన, పోటు తగ్గినవేళ మోర్కమ్ అఖాతమంతయు ఇసుకయు ఒండ్రుమట్టియు; మూడు వందల చదరపు కిలోమీటర్లకు పైబడి విస్తరించి, ఎండలో పళ్లెమువలె మెఱయుచుండును. నీరు తిరిగి వచ్చునప్పుడు పరుగెత్తువాని కంటెను వేగముగా వచ్చునని అచ్చటివారు పిల్లలకు చెప్పుదురు. 2004 ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి, ఈ అఖాతమందే, కూలికి గుల్లలేఱుచున్న చైనా దేశీయులు 23 మంది పోటుకు చిక్కి మరణించిరి. పొట్టకూటికి సముద్రములు దాటిపోయిన బిడ్డలున్న తండ్రిని గనుక ఆ సంగతి నా గుండెలో గ్రుచ్చుకొన్నది. వారి యిండ్లలో, వేల క్రోసుల దూరమున, దువ్వుటకు తలయైనను లేక దువ్వెనలు పట్టుకొని నిలుచున్న వారుందురు గదా. ఈ గుట్టమీది పూర్వులును సముద్రముమీద బ్రదికినవారే. పోయినవారందఱును తిరిగి దొరకుదురను భరోసా వారికిని ఉండియుండదు. దొరకిన దేహమును బండలో దాచి, తలాపున గుఱుతు నిలిపి, గుడి గోడకు అప్పగించుటలోని ఆతురత ఆ నీటిని చూచిన తరువాత నాకు తెలిసినది.

దిగివచ్చి క్రిందనున్న పేతురు మందిరములో, పందివీపువలె వంగి రెండు కొసలను రెండు మృగములు కౌగిలించుకొనియున్న ఆ ఉత్తరదేశీయుల సమాధిరాతిని కూడ చూచితిని. దానిపై చెక్కినది వారి పాత వీరుడు సిగుర్డు కథయని కొందఱు, క్రైస్తవగాథయని కొందఱు వాదింతురు. చెక్కినవాడు రెండింటిని ఎఱిగినవాడై, ఏ దేవుడు వచ్చినను పోయినవాని నానవాలు పట్టునట్లు చెక్కెనేమో.

సాయంకాలము ఇల్లు చేరగానే మా అమ్మాయి, "సమాధుల దగ్గరికి వెళ్ళొచ్చావుగా నాన్నా, నీళ్ళు వేడి చేసి ఉంచాను" అన్నది. వాళ్ల నాయనమ్మ నేర్పిన నేర్పు. స్నానము చేసితిని. మానవలెనని తోచలేదు. రాత్రి అన్నములైన తరువాత ఆమెకు తాతయ్య కథ చెప్పితిని. వీధిమలుపున నిలుచుండుటవఱకు ఆమె యెఱుగును, తరువాతి దెఱుగదు. శుభస్వీకారమైన మఱునాడు తాతయ్య చీకటితోనే లేచి, కాలువలో మునిగి, బిందెతో గుడికి పోయెను. నన్ను దీపము పట్టుకొని రమ్మనెను. తలుపు తెఱచి లోనికి పోయినవాడు ఎంతసేపటికిని బయటికి రాలేదు. సుప్రభాతము వినబడలేదు, మంత్రము వినబడలేదు. ఏదో మెల్లగా మాటలాడుచున్నట్లు మాత్రము వినబడెను. తూర్పు తెల్లబడినది, నా చేతిలో చమురు అయిపోయినది. వచ్చిన తరువాత, "ఇంతసేపేం చేశావు తాతయ్యా?" అని అడిగితిని. పైగుడ్డతో కన్నులు తుడుచుకొనుచు, "ఆయన లేని పది రోజులూ ఏం జరిగిందో, మీ అమ్మమ్మ ఎట్లా వెళ్ళిపోయిందో, అంతా చెప్పొచ్చానురా" అన్నాడు.